పది సెకన్ల పెద్దావిడ

పదిహేడేళ్ళు పేకాటరాయుళ్ళ మీద కాపలా కాసే ఉద్యోగం చేశాను. ఆ పదిహేడేళ్ళలో ఉద్యోగం పేరు మీద నిజమైన పేకముక్క చేత్తో పట్టుకున్నది ఒకే ఒక్క మధ్యాహ్నం. అంతవరకూ కూడబెట్టుకున్న పరువంతా ఆ మధ్యాహ్నమే పోయింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇంటికొచ్చినప్పుడు "అంకుల్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏదైనా చెప్పండి" అంటుంటారు. నేను గెలిచిన కేసు ఏదైనా చెబుదామని మొదలుపెడతాను గానీ, ఎక్కడ మొదలెట్టినా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాను. అందుకని ఈసారి తిన్నగా ఇదే రాస్తున్నాను.

మాది ఇంటర్నెట్లో పోకర్ ఆడించే కంపెనీ. ఆఫీసు ఐర్లండులో, డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో, కాపురం దేశం నడిమధ్యనున్న అత్లోన్‌లో. అత్లోన్ ఎందుకంటే మా ఆవిడ ఉద్యోగం అక్కడి మందుల ఫ్యాక్టరీలో. నేను వారానికి రెండు రోజులు రైలెక్కి, లువాస్ అనే ట్రామెక్కి ఆఫీసుకి పోయేవాణ్ణి. మిగతా రోజులు వంటింటి పక్క గదిలోంచే కాపలా కాసేవాణ్ణి.

పోకర్ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. మనిషికి రెండేసి ముక్కలు పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు, ముందు మూడు, తర్వాత ఒక్కొక్కటే, తెరుస్తారు. ప్రతిసారీ పందెం పెంచాలా, సరే అనాలా, ముక్కలు పడేయాలా అన్నది తేల్చుకోవాలి. ఆటంతా ఆ తేల్చుకోవడంలోనే ఉంది. ఇంటర్నెట్లో కొందరు దొంగలు తాము ఆడకుండా, తమ బదులు ఒక ప్రోగ్రామును కూర్చోబెట్టి ఆడిస్తారు. అలాంటి మిషన్లని పట్టుకుని, వాటి ఖాతాలకి తాళం వేయడం నా పని.

ఎలా పట్టుకుంటారని అడుగుతారు గదా. అక్కడే నా గొప్పంతా ఉంది. మనిషికి మంచి ముక్కలొస్తే కాస్త ఆలోచిస్తున్నట్టు నటిస్తాడు. చెత్త ముక్కలొస్తే విసుగ్గా వెంటనే పడేస్తాడు. చిక్కు వచ్చినప్పుడు తల గోక్కుంటాడు. అంటే మనిషి తీసుకునే సమయం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. మిషనుకి ఆ గొడవ లేదు. అందుకని నేనొక రూలు రాశాను. ఏ ముక్కలొచ్చినా ఒకే సమయం తీసుకునేది మనిషి కాదు. ఆ రూలుతో నలభై ఒక్క ఖాతాలు మూయించాను. "మొహాలు చూడాల్సిన పనే లేదు, నాకు గడియారం చాలు" అని ఆఫీసు కాంటీనులో అనేవాణ్ణి. ఒక్కసారి కాదు, ఎవరు కొత్తగా చేరినా అనేవాణ్ణి. నా రూలు తప్పని ఎవరూ నిరూపించలేదు కాబట్టి అది తప్పు కాదని నా లెక్క.

నా రిటైర్మెంటు ఇంకో నాలుగు నెలలుందనగా ఆ ఖాతా దొరికింది. కంపెనీ డబ్లిన్‌లో ఒక కాసినోలో పెద్ద పోటీ పెట్టింది. ఇంటర్నెట్లో గెలిచి వచ్చినవాళ్ళు అక్కడ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఆడాలి. అలా గెలిచినవాళ్ళ జాబితా తనిఖీకి నా దగ్గరికొచ్చింది. మాకు పేర్లు కనిపించవు, నంబర్లే. అందులో ఒక నంబరు ప్రతి నిర్ణయానికీ పది సెకన్లు తీసుకుంది. మంచి ముక్కలకి పది, చెత్త ముక్కలకి పది. రెండేళ్ళ ఆటనీ సిస్టము చేత లెక్క కట్టించినా అదే పది. పండక్కి కొత్త బట్టలు తెచ్చినంత సంబరపడి తాళం వేసేశాను. పోటీలో దాని కుర్చీ కూడా రద్దయ్యేట్టు సిఫార్సు రాశాను.

నా పక్క సీట్లో వరంగల్ అమ్మాయి ఉండేది. మెయ్‌నూత్ యూనివర్సిటీలో చదువుకుని మా టీములో చేరి అప్పటికి ఏడాది. నా స్క్రీను చూసి, "అంకుల్, గిన్ని దినాలు ఒక్కటే తీరు ఆడుతున్నదంటే నాకు డౌటే. దొంగలైతే మధ్యమధ్యల టైము మారుస్తరు కదా. ఒక్కసారి ఫోన్ చేసి మాట్లాడితే మంచిగుంటది" అంది. నేను నవ్వి, "అమ్మా, దొంగ చేత దొంగతనం ఒప్పించడానికి ఫోన్ చేస్తామా?" అన్నాను. ఆ అమ్మాయి తన స్క్రీను వైపు తిరిగింది. సరైన మాట అన్నది తనే అని తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ మా ఆవిడ దగ్గర కూడా మీసం మెలేశాను. నంబరు చెప్పలేదు లెండి, సంగతి మాత్రం చెప్పాను. ప్రతిదానికీ పది సెకన్లట, ఏ మనిషైనా అలా చేయగలడా అన్నాను. ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆపి, "పది సెకన్లా? ఏవండీ, మా తనిఖీ గదిలో కూడా..." అని ఏదో మొదలెట్టింది. "మీ ఫ్యాక్టరీ గోల ఇప్పుడెందుకే, కాస్త ఆవకాయ వెయ్యి" అన్నాను. ఆవిడ ఆవకాయ వేసి, చెప్పబోయింది మింగేసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

వారం తిరక్కుండా మేనేజరు బల్ల మీదికి ఒక ఉత్తరం వచ్చింది. ఈమెయిలు కాదు, స్టాంపు అంటించిన ఉత్తరం. తనకి డెబ్బై ఒక్కేళ్ళని, తానే ఆడుతున్నానని రాసింది ఒకావిడ. తాను నిజంగా మిషనే అయితే మోకాళ్ళకి రెండు చుక్కల నూనె వేసుకుంటే సరిపోయేదట, జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు కోసం మూడు వారాలు ఆగాల్సిన ఖర్మ పట్టేది కాదట. ఆ కుర్చీ తాను గెలుచుకున్నదనీ, అంతకన్నా ముఖ్యం, జీవితంలో తనను మోసగత్తె అన్నవాళ్ళు ఇంతవరకూ లేరనీ రాసింది. కావాలంటే మీ ఎదుట కూర్చుని ఆడతాను, వచ్చి చూడండి అని ముగించింది. కింద అత్లోన్ చిరునామా ఉంది.

మా ఊరి చిరునామా పెట్టడంతో నాకు ఒళ్ళు మండింది. ఎవడో కుర్రవాడు ముసలమ్మ వేషం కట్టి ఉత్తరం రాశాడని తేల్చేశాను. మా మేనేజరు కార్క్ వైపు మనిషి, నా కొడుకంత ఉంటాడు. అతను ఉత్తరం రెండుసార్లు చదివి, శనివారం పోటీ కాబట్టి గురువారం మధ్యాహ్నం అదే కాసినోలో ఒక బల్ల ఏర్పాటు చేస్తానన్నాడు. పందెం డబ్బు ఉండదు, ఉత్త బిళ్ళలే. నేను ఆ బల్ల దగ్గర కూర్చుని ఆడాలి. వరంగల్ అమ్మాయి పక్కన నిలబడి ప్రతి నిర్ణయానికీ స్టాప్‌వాచ్ నొక్కాలి. శుక్రవారం పన్నెండింటిలోగా, ఆడింది మనిషేనని నేను రిపోర్టు ఇస్తే కుర్చీ ఉంటుంది, లేకపోతే పోతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాడు. నా రిటైర్మెంటుకి ముందు కంపెనీ మీటింగులో నా మీద ఒక స్లైడు చూపించబోతున్నారట. దాని మీద "నలభై రెండు కేసులు, ఒక్క పొరపాటూ లేదు" అని ఉంటుందట. ఆ నలభై రెండోది ఇదే.

గురువారం పొద్దున్నే అత్లోన్‌లో రైలెక్కాను. నా ఎదుటి సీట్లో ఊదారంగు స్వెట్టరు వేసుకున్న పెద్దావిడ కూర్చుంది. ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, నాకూ ఒక కప్పు పోసి, బిస్కెట్ పెట్టింది. ఆ ప్రాంతపు పెద్దావిడలు అందర్నీ "పెట్" అని పిలుస్తారు. మనం నాయనా, బాబూ అన్నట్టే. అరవై నాలుగేళ్ళ నన్ను "ఎక్కడికి ప్రయాణం, పెట్?" అని అడిగింది. టీ తాగినందుకైనా మర్యాదగా బదులు చెప్పాలి గదా. ఎక్కువే చెప్పాను. ఒక మోసగాడు, ఎవడో కుర్రవాడు, ముసలావిడ పేరుతో మిషను చేత పోకర్ ఆడిస్తున్నాడనీ, ఇవాళ వాడి గుట్టు రట్టు చేయబోతున్నాననీ చెప్పాను. నా రూలు కూడా వివరించాను. ఆఫీసు రహస్యాలు రైల్లో చెప్పకూడదు. మీరెవరూ ఆ పని చేయకండి.

ఆవిడ అంతా విని, ఫ్లాస్కు మూత బిగించింది. తర్వాత, "కష్టమైన ఉద్యోగమే పెట్ నీది" అని ఇంకో బిస్కెట్ ఇచ్చింది. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్లో ఆవిడ సంచి నేనే కిందికి దించాను.

కాసినో అంటే సినిమాల్లో చూపించే దీపాలూ హంగామా ఊహించుకున్నాను. మధ్యాహ్నం పూట అది మన పెళ్ళి అయిపోయాక కల్యాణమండపంలా ఉంది. ఒక మూల ఎవరో తివాచీ ఊడుస్తున్నారు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల చుట్టూ ఆ క్లబ్బుకి రోజూ వచ్చే మగవాళ్ళు ఇద్దరు, మా మేనేజరు, ముక్కలు పంచే అమ్మాయి కూర్చున్నారు. ఐదో కుర్చీలో ఊదారంగు స్వెట్టరు.

"కుర్రవాడు రాలేదు పెట్," అంది ఆవిడ. "నేనే వచ్చాను."

మేనేజరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మీకు ముందే పరిచయమా అని అడిగాడు. రైల్లో బిస్కెట్లు తిన్నామని ఆవిడే చెప్పింది. ఏం మాట్లాడుకున్నామో చెప్పకుండా నా పరువు కాపాడింది. అప్పటికైనా నాకు సిగ్గు రావాలి. రాలేదు. ఎవరో అద్దెకి తెచ్చిన మామ్మ అయి ఉంటుంది, రెండు ఆటల్లో తేలిపోతుంది అనుకుంటూ కూర్చున్నాను.

ఇక నా ఆట చెబుతాను. ఇంటర్నెట్లో నేను ఒకేసారి ఆరు బల్లల ఆట చూసేవాణ్ణి. ఒక్క బల్ల ఒక లెక్కా అనుకున్నాను. స్క్రీను మీద ఎవరి వంతు వస్తే వాళ్ళ పేరు మీద దీపం వెలుగుతుంది. ఇక్కడ దీపం లేదు. దీపం కోసం నేను ఎదురుచూస్తుంటే, నా కోసం బల్లంతా ఎదురుచూసింది. స్క్రీను మీద ప్రతి ఆటగాడి పక్కనా వాడి పాత ఆట లెక్కలన్నీ చిన్న డబ్బాలో కనిపిస్తాయి. ఇక్కడ పెద్దావిడ పక్కన చూస్తే మందుల కాగితం, కళ్ళజోడు డబ్బా ఉన్నాయి. పందెం పెంచుదామని బిళ్ళలు కొన్ని ముందుకి నెట్టి, చాలవనిపించి ఇంకొన్ని నెట్టాను. అలా రెండుసార్లుగా పెట్టడం కుదరదని, మొదట పెట్టినంతే లెక్క అని పంచే అమ్మాయి మిగతావి వెనక్కి తోసింది. సరేనా అని అడిగితే మన అలవాటు ప్రకారం తల పక్కకి ఊపాను. అది అవునో కాదో తెలియక ఆ అమ్మాయి మేనేజరుని పిలవబోయింది. మేనేజరు బల్ల దగ్గరే ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

వీటన్నిటికన్నా ముందు ఇంకోటి జరిగింది. మాది గోదావరి జిల్లా. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి పేకాట ఉండాల్సిందే. పెద్దవాళ్ళు ముక్కలు చేతికి రాగానే కళ్ళకద్దుకోవడం చూస్తూ పెరిగాను. మొదటి ఆటలో రెండు రాజులు వస్తే, నాకు తెలియకుండానే ముక్కలు పైకెత్తి కళ్ళకద్దుకున్నాను. ముక్కలు బల్ల దాటి లేవకూడదట, పక్కవాళ్ళకి కనిపిస్తాయట. అప్పటినుంచి ముక్కల్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టాను. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

విచిత్రం ఏమిటంటే, నాకు మంచి ముక్కలు వచ్చిన ప్రతిసారీ పెద్దావిడ పడేసేది. ఇస్పేటు ఆసూ ఆటీను ఆసూ జతగా వచ్చాయి. అంతకు మించిన జత లేదు. నేను గంభీరంగా మొహం పెట్టి పందెం పెంచాను. ఆవిడ ముక్కలు పడేసింది, మిగతా ముగ్గురూ ఆవిడని చూసి పడేశారు. నా దగ్గర ఏమీ లేనప్పుడు మాత్రం నిదానంగా నా వెంటపడేది. నా వెనక అద్దం ఏదైనా ఉందేమోనని రెండుసార్లు తిరిగి చూశాను.

ప్రతి నిర్ణయానికీ ముందు ఆవిడ కళ్ళు కాస్త వాల్చేది. పెదవులు కదిలేవి. తర్వాత చేయి కదిపేది. వరంగల్ అమ్మాయి నోట్‌బుక్కులోకి తొంగి చూశాను. పది, పది, పదకొండు, పది. ఆ బల్ల కింద ఏ కంప్యూటరూ లేదు మరి.

చివరికి నా బిళ్ళలన్నీ ఒక్కసారే ముందుకి తోశాను. నా చేతిలో ఏమీ లేదు, ఉత్త బెదిరింపు. పెద్దావిడ కళ్ళు వాల్చింది. పది సెకన్లు. తర్వాత "చూద్దాం" అని తన బిళ్ళలు పెట్టింది. ఆవిడ దగ్గర రెండు తొమ్మిదులు ఉన్నాయి. అవి చాలు. పదిహేడేళ్ళు పోకర్ మీద బతికిన నన్ను గంటన్నరలో లేపేసింది. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఇక్కడ తన్నినావిడకి మోకాళ్ళ నొప్పులు కూడా.

నా దగ్గర ఏమీ లేదని ఎలా తెలిసిందని అడిగాను. అది ఆటగాళ్ళు ఊరికే చెప్పే సంగతి కాదంది. పోనీ, ఆ పెదవులు కదపడం ఏమిటని అడిగాను. దానికి మాత్రం దాపరికం లేకుండా చెప్పింది.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు అత్లోన్‌లో మందుల ఫ్యాక్టరీలో ఇంజెక్షను సీసాలు తనిఖీ చేసే పని చేసింది. చిన్న సీసాని దీపం ముందు పట్టుకుని, నల్లపలక ఎదుట ఐదు సెకన్లు, తెల్లపలక ఎదుట ఐదు సెకన్లు చూడాలి. నలుసు ఉందేమో కనిపెట్టాలి. ఆ గదిలోకి వాచీ కట్టుకుని పోనివ్వరు. గోడ గడియారం చూస్తే కన్ను సీసా మీంచి తప్పుతుంది. అందుకని ఆవిడ మేరీమాత ప్రార్థన ఒకసారి మనసులో చెప్పుకునేది. సరిగ్గా పది సెకన్లు. సగం ప్రార్థన నలుపు, సగం తెలుపు. రిటైరయ్యాక కూడా ఏ పనికైనా ఆ కొలతే మిగిలింది. ఇంట్లో ప్రెస్సు, అంటే అలమర, తలుపు తీసి కప్పు వెతుక్కోవాలన్నా అంతేనట.

నాకు ఆ క్షణాన డబ్లిన్ కాసినో కనబడలేదు. మా ఆవిడ గరిటె ఆపి నిలబడ్డ దృశ్యం కనబడింది. మా ఆవిడ ఫ్యాక్టరీలో చేసే పని కొత్తవాళ్ళకి ఈ సీసాల తనిఖీ నేర్పడమే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. అంతే కాదు, మా అమ్మ పాలు ఎంతసేపు మరగాలో శ్లోకాలతో కొలిచేది. అవన్నీ తెలిసిన వెధవని నేనే.

"తెలిసిపోయే సీసాలు కూడా ఉంటాయి పెట్," అంది పెద్దావిడ. "పట్టుకోగానే నలుసు కనిపిస్తుంది. అయినా పది సెకన్లూ చూడాల్సిందే. మంచిదానికెంతో చెడ్డదానికీ అంతే. నా ఖాతాని నువ్వు ఎంతసేపు చూశావు?"

కూలంకషంగా పరిశీలించామని చెప్పాను. గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. వరంగల్ అమ్మాయి తలొంచుకుని నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. తిరుగు రైల్లో నేను వేరే పెట్టె చూసుకుని ఎక్కాను.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ తిట్టలేదు. "నల్లపలక ముందు ఐదు, తెల్లపలక ముందు ఐదు" అని మెల్లిగా అని, "ఆవకాయ వెయ్యనా?" అని అడిగింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రాత్రి నేను రిపోర్టు రెండు రకాలుగా ఊహించుకున్నాను. ఒకటి నిజం. రెండోది, "నిర్ధారణ కాలేదు, మరింత పరిశీలన అవసరం" అన్న వాక్యం. ఆ వాక్యంలో అబద్ధం లేదు. అది రాస్తే శుక్రవారం దాటిపోతుంది, కుర్చీ దానంతటదే పోతుంది, నా స్లైడు మిగులుతుంది. పెద్దావిడని మోసగత్తె అన్న మాట అలాగే ఉండిపోతుంది. ఆఫీసుల్లో ఇలాంటి వాక్యాలు మీకూ తగులుతాయి. నేను పొద్దున్నే శాండీఫోర్డ్ వెళ్ళి, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రెండోదే టైపు చేశాను.

పంపే లోపల వరంగల్ అమ్మాయి తన కుర్చీ నా పక్కకి లాక్కుంది. ఆమె మొహంలో వెటకారం లేదు. "అంకుల్, ఏమనుకోకండి. నిన్న ఆమె అడిగింది కదా ఎంతసేపు చూసినవని. లాగ్‌ల చూసిన," అంది. మా సిస్టములో మేం ఫైలు తెరిచిన సమయం, తాళం వేసిన సమయం రెండూ నమోదవుతాయి. ఆ అమ్మాయి నా నలభై రెండు కేసులూ ఒక కాగితం మీద దించింది. ఒక్కో ఫైలుకి నలభై సెకన్లు. తేలిక కేసుకీ అంతే, చిక్కు కేసుకీ అంతే. పదిహేడేళ్ళూ అంతే. పెద్దావిడ పది సెకన్లూ చూసేది. నా నలభై సెకన్లు ఫైలు తెరుచుకోవడానికీ, నాలుగు బటన్లు నొక్కడానికీ పట్టే సమయం, అందులో చూపు లేదు.

"మీ రూలు ప్రకారం చూస్తే," అని ఆ అమ్మాయి ఆగి, "మిమ్మల్నే లాక్ చెయ్యాలె అంకుల్" అంది.

నేను ఆ కాగితం చాలాసేపు చూశాను. నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. అరవై నాలుగేళ్ళ వాణ్ణి, ఆఫీసులో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను. తర్వాత టైపు చేసింది కొట్టేసి, రెండే వాక్యాలు రాశాను. ఆమె మనిషి, ఆమే ఆడింది. పొరపాటు నాది. పదకొండు దాటి పావుగంటకి పంపాను.

మేనేజరు కోప్పడతాడనుకున్నాను. చదివి "గ్రాండ్" అన్నాడు. అక్కడ ఆ మాటకి ఉత్త సరే అనే అర్థం. కుర్చీ పక్కా చేయమని ఎవరికో ఫోన్ చేశాడు. ఆ తర్వాత నా ఎదుటే స్లైడు తెరిచి తీసేశాడు. దానికి అతనికి ఒక్క సెకను పట్టింది. తిడితే బాగుండుననిపించింది.

శనివారం పోటీలో పెద్దావిడ గెలిచి కప్పు పట్టుకొచ్చిందని రాస్తే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. మధ్యాహ్నం టీ వేళకే నల్లకళ్ళజోడు పెట్టుకున్న ఒక కుర్రవాడు చిట్టచివరి ముక్క కలిసొచ్చి ఆవిడని ఓడించాడు. ఆవిడ అతనితో చేయి కలిపి, ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని, ఐదింటి రైలెక్కి ఇంటికి పోయింది. కానీ తన పేరు రాసిన కుర్చీలోనే కూర్చుని ఓడింది.

నాకు మిగిలిన మూడున్నర నెలలూ నేనూ వరంగల్ అమ్మాయీ ఆ పాత నలభై ఒక్క ఫైళ్ళూ మళ్ళీ తెరిచాం. ముప్ఫై నిజంగానే మిషన్లు. మిగతా పదకొండూ ఎటూ తేలలేదు. ఆ పదకొండు మందీ ఉత్తరం రాయలేదు. రాసే అలవాటు లేదో, రాసినా ప్రయోజనం లేదనుకున్నారో. క్షమాపణ చెబుతూ, వివరం అడుగుతూ పదకొండు మందికీ నేనే రాశాను. ఒకే ఒక్క జవాబు వచ్చింది. అందులో పేరు లేదు, పలకరింపు లేదు. "ఇప్పుడా అడగడం?" అని ఉంది, అంతే. ఆ కాగితం రిటైరైన రోజు నాతో ఇంటికి తెచ్చుకున్నాను, ఇప్పటికీ జేబులోనే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన జ్ఞాపిక ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నాలు మా ఊళ్ళో ఒక హాల్లో పేకాట ఉంటుంది. పెద్దావిడే పిలిచింది. ఉత్త బిళ్ళలతోనే ఆట, మధ్యలో టీ. నాలుగు వారాలు వరసగా ఓడాక, ఇప్పుడైనా చెప్పమని బతిమాలాను. అప్పుడు చెప్పింది. మంచి ముక్కలొస్తేనే నేను వేళ్ళు కళ్ళకద్దుకుంటానట. చెత్త ముక్కలొస్తే వాటిని పట్టించుకోనే పట్టించుకోనట. డబ్లిన్‌లో మూడో ఆటకే కనిపెట్టిందట. మొహం గంభీరంగా పెట్టుకోవడానికి నేనంత కష్టపడుతుంటే నవ్వాపుకోలేక చచ్చిందట.

అప్పటినుంచి ఏ ముక్కలొచ్చినా కళ్ళకద్దుకుంటున్నాను. మొదట్లో మర్చిపోయేవాణ్ణి. వచ్చినవి చూడగానే చేయి తనంతట తనే ఆగిపోయేది. అలవాటవడానికి చలికాలమంతా పట్టింది.

మొన్న గురువారం నాకు ఇస్పేటు ఏడు, కళావరు రెండు వచ్చాయి. పోకర్లో అంతకన్నా పనికిమాలిన జత ఉండదు. వేళ్ళతో తాకి, నిదానంగా కళ్ళకద్దుకుని, పందెం పెంచాను. పెద్దావిడ కళ్ళు వాల్చి, ప్రార్థన చెప్పుకుని, ముక్కలు పడేసింది. గెలిచిన ఉత్సాహం పట్టలేక నా ముక్కలు తిప్పి చూపించాను. ఆవిడ ఆ ఏడునీ రెండునీ చూసి, తర్వాత నా వైపు చూసింది.

"ఇప్పటికి నేర్చుకున్నావు పెట్," అంది.

ఇప్పటికి. జేబులో ఉన్న "ఇప్పుడా అడగడం?" కాగితం గుర్తొచ్చింది. ఆవిడ టీ పోస్తుంటే, బల్ల మీది ముక్కలన్నీ పోగుచేసి కలపడం మొదలుపెట్టాను.